ఆఫీసుకెళ్లాలంటేనే విసుగొస్తోందా? రాజీనామాకు ముందు చేయాల్సిన పనులు, వరుసగా

హైదరాబాద్‌లో ముప్పై దాటిన ఉద్యోగస్తులు నలుగురు ఒకచోట చేరితే మాట తిరిగి తిరిగి ఒక దగ్గరికే వస్తుంది. "జీతం బాగానే ఉంది గానీ, ఈ పని ఎందుకు చేస్తున్నానో అర్థం కావట్లేదు." ఆ తర్వాత చేవెళ్ల దగ్గర ఎకరం కొని గేదెల్ని పెంచడం గురించో, కర్రీ పాయింట్ పెట్టడం గురించో, పిల్లలకు పాఠాలు చెప్పడం గురించో కాసేపు నడుస్తుంది. చాయ్ బిల్లు కట్టి లేస్తారు. సోమవారం మళ్లీ అదే క్యాబ్, అదే సీటు.

ఆ మాటను చాయ్ బల్ల దగ్గరే వదిలేయకుండా ముందుకు తీసుకెళ్లాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కనీసం ఆరు నెలల పని. ఆ ఆరు నెలల్లో రాజీనామా చేయకూడదు, ఇదొక్కటే గట్టి షరతు.

అన్ని కోణాల నుంచీ చూసే కెరీర్ కౌన్సెలింగ్ అంటే మన దగ్గర కొందరు ధ్యానం, జాతకం, రంగురంగుల రిపోర్టు కలిపి అమ్ముతున్నారు. అసలు పద్ధతి చాలా సాదాసీదాగా ఉంటుంది. 1908లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన పనికోసం వెతుక్కునే యువకుల కోసం ఒక సలహా కేంద్రం పెట్టాడు. ఆయన చెప్పింది మూడు ముక్కలు: నిన్ను నువ్వు తెలుసుకో, పనుల గురించి తెలుసుకో, రెండింటినీ కలిపి బుద్ధితో ఆలోచించు. తర్వాత వచ్చినవాళ్లు దానికి ఒళ్లు, డబ్బు, ఇల్లు, విలువలు కూడా కలిపారు. మన ఊళ్లో ఒకరి ఉద్యోగం మీద ఈఎంఐ, అమ్మానాన్నల మందులు, తమ్ముడి ఫీజు, చెల్లి పెళ్లి ఆధారపడి ఉంటాయి కాబట్టి ఈ కలిపిన భాగమే మనకు ముఖ్యం.

మొదటి మెట్టు: నొప్పి ఎక్కడుందో తేల్చుకోండి

రెండు వారాల పాటు రోజుకు రెండుసార్లు, లంచ్ అయ్యాక ఒకసారి, ఇంటికి బయల్దేరే ముందు ఒకసారి, ఫోన్లో ఒక్కో వాక్యం రాసుకోండి. ఏం చేశారు, ఎలా అనిపించింది. అంతే. "చాలా ఫ్రస్ట్రేటింగ్‌గా ఉంది" అని రాస్తే పనికిరాదు. "11 నుంచి 1 వరకు క్లయింట్ కాల్. మాట్లాడింది ఇద్దరే, నేను మ్యూట్‌లో కూర్చున్నా. తలనొప్పి" అని రాస్తే పనికొస్తుంది.

రెండు వారాలయ్యాక కూర్చుని, చిరాకు పుట్టించిన ప్రతి వాక్యం పక్కన ఒక అక్షరం వేయండి. పని వల్ల అయితే ప. మేనేజరో, టీమో కారణమైతే మ, మనుషులు. షిఫ్ట్, ప్రయాణం, జీతం లాంటి షరతుల వల్ల అయితే ష. నిద్ర, నడుంనొప్పి, దిగులు అయితే ఒ, అంటే ఒళ్లు.

ఇక్కడ చాలామందికి ఆశ్చర్యం ఎదురవుతుంది. కెరీరే తప్పు అనుకుంటూ వచ్చినవాళ్ల పేజీ నిండా మ లే ఉంటాయి. అలాంటివాళ్లకు కావాల్సింది కొత్త జీవితం కాదు, కొత్త టీమ్. ఇంటర్నల్ ట్రాన్స్‌ఫర్ అడగడమో, అదే పనికి ఇంకో కంపెనీ చూసుకోవడమో సరిపోతుంది. ష లు ఎక్కువుంటే లెక్క ఇంకా తేలిక. ఉప్పల్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి వెళ్లే మనిషిని చూడండి. మెట్రో రాయదుర్గం దాకానే తీసుకెళ్తుంది, అక్కడి నుంచి మళ్లీ షేర్ ఆటోనో క్యాబో. రానూపోనూ రోజులో ఎన్ని గంటలు రోడ్డు మీద పోతున్నాయో కూడితే, సాయంత్రం గిటారు నేర్చుకునే ఓపిక ఎందుకు లేదో తెలిసిపోతుంది. ఇల్లు మారడం, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసే వీలు అడగడం, షిఫ్ట్ మార్పించుకోవడం, ఇవన్నీ రాజీనామా కన్నా చవకైన మందులు.

ఒ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఏళ్ల తరబడి నైట్ షిఫ్ట్ చేసినవాళ్లకు ఏ పని చూసినా నీరసమే వస్తుంది. థైరాయిడ్, బీ12 తక్కువవడం, నిద్రలేమి, డిప్రెషన్, వీటిలో ఏదున్నా "నాకు దేనిమీదా ఆసక్తి లేదు" అనే మాటే పైకి వస్తుంది. అందుకే కెరీర్ కౌన్సెలర్ కన్నా ముందు మామూలు డాక్టర్‌ని కలవండి. మనసు బాగా కుంగిపోయి ఉంటే టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయొచ్చు. ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ పేరు మన ఊళ్లో తిట్టుగా వాడేస్తాం గానీ, అక్కడి మానసిక ఆరోగ్య సంస్థలో ఓపీ ఉంది, మామూలు మనుషులే మామూలుగా వెళ్లి చూపించుకుని వస్తారు.

పేజీలో ప లు ఎక్కువుంటేనే మిగతాది చదవండి.

రెండో మెట్టు: ఎన్ని నెలలు నిలబడగలరో లెక్కేయండి

పరీక్షలు, ఆసక్తులు, కలలు అన్నీ దీని తర్వాతే. డబ్బు లెక్క వేయకుండా కలల గురించి మాట్లాడితే ప్రతి ఆలోచన చివరా టెన్షన్ వచ్చి కూర్చుంటుంది. లెక్క వేశాక భయం పోదు గానీ, దానికి ఒక అంకె వస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. భార్యకు చేతికొచ్చే జీతం 95,000, భర్తకు 40,000. ఆమె మానేయాలనుకుంటోంది. నెల ఖర్చు ఇలా ఉంది: ఇంటి లోన్ ఈఎంఐ 38,000, ఇల్లు నడపడానికి 24,000, పిల్లాడి స్కూలు ఫీజు నెలవారీగా పంచితే 9,000, ఊళ్లో పెద్దవాళ్లకు 6,000, ఇన్సూరెన్సులకు 3,000. మొత్తం 80,000. భర్త జీతం పోను నెలకు 40,000 తక్కువ పడుతుంది. వెంటనే తీయగలిగే పొదుపు 5,00,000 ఉంది. అందులో ఆసుపత్రి అవసరానికి 1,50,000 ముట్టుకోకుండా పక్కన పెడితే మిగిలింది 3,50,000. దాన్ని 40,000తో భాగిస్తే ఎనిమిది నెలల మూడు వారాలు.

ఇప్పుడు కొత్త పని మీద నెలకు 12,000 వస్తుందనుకోండి. తక్కువ పడేది 28,000కి తగ్గుతుంది, గడువు పన్నెండున్నర నెలలకు పెరుగుతుంది. చిన్న సంపాదన ఇచ్చే ఊపిరి ఇంత. కొత్త పని ద్వారా మొదటి పదివేలు ఎలా వస్తాయో తేలకుండా మానేయొద్దని నేను మొండిగా చెప్పేది ఇందుకే.

ఈ లెక్కలో పీఎఫ్, బంగారం, శంకర్‌పల్లి ప్లాటు కలపొద్దు. ప్లాటు అమ్మాలనుకున్న నెలలో అమ్ముడుపోదు. ఖర్చుల్లో మాత్రం ఏడాదికోసారి వచ్చేవన్నీ కలపండి: జూన్‌లో స్కూలుకి కట్టే పెద్ద మొత్తం, బండి ఇన్సూరెన్స్, దసరాకో సంక్రాంతికో ఊరెళ్లే ఖర్చు, పెళ్లిళ్లలో చదివింపులు. చదివింపుల సంగతి చాలామంది మర్చిపోతారు, ముహూర్తాలున్న నెల వచ్చేసరికి లెక్కంతా తలకిందులవుతుంది.

మానేసే ముందు చూసుకోవాల్సిన కాగితాలు కొన్ని. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా మామూలుగా ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. కాబట్టి సొంత పాలసీ ముందే తీసుకోండి, ఎందుకంటే అప్పటికే ఉన్న జబ్బులకు 36 నెలల దాకా వెయిటింగ్ పెట్టే వీలు బీమా కంపెనీలకు ఉంది. పర్మినెంట్ ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే ఒకే కంపెనీలో 5 ఏళ్ల సర్వీసు ఉండాలి, నాలుగున్నరేళ్లు దాటినవాళ్లు కొన్ని నెలలు ఓపిక పడితే ఆ డబ్బు చేతికొస్తుంది. పీఎఫ్‌తో ముడిపడిన ఈపీఎస్ పెన్షన్‌కు 10 ఏళ్ల సర్వీసు కావాలి, అందుకే మానేయగానే పీఎఫ్ మొత్తం గీకేయకుండా ఆ యూఏఎన్, అంటే పీఎఫ్ ఖాతాల నంబర్, బతికుండేలా చూసుకోండి. లోన్‌ని వేరే బ్యాంకుకి మార్చుకునే ఆలోచన ఉంటే పే స్లిప్పులు వస్తున్నప్పుడే పూర్తి చేయండి.

మూడో మెట్టు: మీ గతంలో సాక్ష్యం వెతకండి

"నీ ప్యాషన్ ఏంటి?" అని అడిగితే చాలామంది బిక్కమొహం వేస్తారు. వేయాల్సిందే, అది చెడ్డ ప్రశ్న. జవాబు లేనివాళ్లు తమలోనే ఏదో లోపం ఉందనుకుని ఇంకా కుంగిపోతారు. దాని బదులు, టైమ్ తెలియకుండా గడిచిపోయిన సందర్భాలు ఏడెనిమిది గుర్తు తెచ్చుకుని రాయండి. ఉద్యోగంలోవే కానక్కర్లేదు. అక్క పెళ్లిలో రెండొందల మంది భోజనాల ఏర్పాటు మీరు చూసుండొచ్చు. ఇంటర్‌లో పక్కింటి పిల్లకు లెక్కలు చెప్పుండొచ్చు. కాలనీలో నీళ్ల గొడవ వస్తే అసోసియేషన్ తరఫున ఆఫీసు చుట్టూ తిరిగి కాగితాలు సాధించుండొచ్చు.

రాశాక ప్రతి సంఘటనలో మీరు చేసిన క్రియల కింద గీత గీయండి. సర్దాను, వివరించాను, బేరమాడాను, విప్పి చూశాను, లెక్క సరిచూశాను, ఓదార్చాను. ఏ క్రియలు పదే పదే వస్తున్నాయో అవే మీ ముడిసరుకు. పదవుల పేర్లు ఏళ్లకేళ్లు మారిపోతాయి, ఈ క్రియలు పెద్దగా మారవు.

అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ హాలండ్ ఆసక్తుల్ని ఆరు రకాలుగా విడదీశాడు. ఇప్పటికీ చాలా కెరీర్ పరీక్షల వెనక ఉన్నది ఆ ఆరే: చేతులతో, యంత్రాలతో చేసేవి, శోధించేవి, సృజనకు చెందినవి, మనుషులకు సాయపడేవి, ఒప్పించి నడిపించేవి, పద్ధతిగా లెక్కలూ రికార్డులూ చూసేవి. మనిషిలో సాధారణంగా రెండు మూడు కలిసి ఉంటాయి. బాలానగర్ టూల్ రూమ్‌లో డై సరిచేసే మనిషికీ, హబ్సిగూడ ల్యాబ్‌లో ప్రోటీన్ చూసే మనిషికీ శోధన ఉంటుంది, కానీ ఒకరికి లోహం కావాలి, ఇంకొకరికి ప్రశ్న చాలు. మీ క్రియల్ని ఈ ఆరు గదుల్లో సర్దుకుంటే ఎటు మొగ్గుందో తెలుస్తుంది. పరీక్షే రాయాలనుకుంటే అమెరికా కార్మిక శాఖ వాళ్ల ఓనెట్ ఇంట్రెస్ట్ ప్రొఫైలర్ నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులోని ఉద్యోగాలూ జీతాలూ వాళ్ల దేశానివి, వాటిని వదిలేసి ఆసక్తుల భాగం వరకు తీసుకోండి.

నాలుగో మెట్టు: కౌన్సెలర్ కావాలా? ఎవరిని, ఎలా?

చాలామందికి అక్కర్లేదు. నిజాయితీగా ప్రశ్నలడిగే ఒక స్నేహితుడు, పైన రాసుకున్న కాగితాలు చాలు. రాసిందంతా చూశాక కూడా చిక్కు విడకపోతే, లేదా ఇంట్లో మాట్లాడే వాతావరణమే లేకపోతే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి.

మన దేశంలో కెరీర్ కౌన్సెలర్ అని బోర్డు పెట్టడానికి తప్పనిసరి లైసెన్సు లేదు. క్లినికల్ సైకాలజిస్టులకైతే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉంటుంది. కెరీర్ సలహా ఇచ్చేవాళ్ల విషయంలో మీరే జల్లెడ పట్టుకోవాలి. ఫోన్‌లోనే అడగండి: మీరు ఏం చదివారు? ఏ కాలేజీ నుంచైనా, ఏ కోచింగ్ సెంటర్ నుంచైనా మీకు కమీషన్ వస్తుందా? పరీక్ష లేకుండా మాట్లాడటానికే మొదటి సిటింగ్ ఇస్తారా? రెండో ప్రశ్నకు నసిగితే అక్కడికే చాలు.

వేలిముద్రలు తీసుకుని మెదడు ఏ రంగానికి పనికొస్తుందో చెబుతామనే పరీక్షలు నగరంలో అపార్ట్‌మెంట్ల దాకా వచ్చేశాయి. వాటికి శాస్త్రీయ ఆధారం లేదు. డబ్బు దండగ ఒక ఎత్తు, పదేళ్ల పిల్లాడికి "నీకు లెక్కలు రావు" అని ముద్ర వేయడం ఇంకో ఎత్తు. మనుషుల్ని పదహారు రకాలుగా విడదీసే వ్యక్తిత్వ పరీక్షలు కబుర్లకు బాగుంటాయి. కొన్ని వారాలయ్యాక మళ్లీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తుంది కాబట్టి వాటిని నమ్మి ఉద్యోగం మానేయకండి. డబ్బు తీసుకుని దొంగ ఎక్స్‌పీరియన్స్ కాగితాలు ఇచ్చే కన్సల్టెన్సీల జోలికి అసలు పోవద్దు. పీఎఫ్ రికార్డు చూస్తే చాలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికిపోతుంది.

ఐదో మెట్టు: రంగమా, పనా? ఒకసారి ఒకటే మార్చండి

ఇదంతా చదివి ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. మీరు చేసే పని ఒకటి, ఆ పని ఏ రంగంలో చేస్తున్నారన్నది ఇంకొకటి. రెండూ ఒకేసారి మార్చిన మనిషి ఇరవై రెండేళ్ల ఫ్రెషర్‌తో పోటీ పడాల్సి వస్తుంది. ఒకటి పట్టుకుని ఒకటి మారిస్తే పాత అనుభవానికి విలువ ఉంటుంది.

బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌కి టెస్టింగ్ చేస్తూ విసిగిన మనిషికి, ఆ టెస్టింగే కంటి ఆసుపత్రి రికార్డుల వ్యవస్థ మీద చేస్తే ఎలా ఉంటుంది? ఈ నగరంలో అలాంటి చోట్లకు కొదవ లేదు. బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, పటాన్‌చెరులో 1972 నుంచి మెట్టపంటల మీద పనిచేస్తున్న ఇక్రిశాట్, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థ, శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ కంపెనీలు. ఇలాంటి చోట్ల డాక్టర్లూ శాస్త్రవేత్తలే ఉంటారని అనుకుంటాం. అకౌంట్లు చూసేవాళ్లు, డేటా సర్దేవాళ్లు, కొనుగోళ్లు చూసేవాళ్లు, రాసేవాళ్లు లేకుండా ఏ సంస్థా నడవదు.

ఇంకో దారి, రంగం అదే ఉంచి పని మార్చడం. కోడింగ్ నచ్చని మనిషి అదే కంపెనీలో కొత్తవాళ్లకు ట్రైనింగ్ ఇచ్చే టీమ్‌లోకి వెళ్లొచ్చు. పదేళ్లు అమ్మకాలు చేసిన ఫార్మా రెప్రజెంటేటివ్ డ్రగ్ సేఫ్టీ వైపు, అంటే మందుల దుష్ప్రభావాల్ని గమనించే పనిలోకి మళ్లొచ్చు.

రెండూ మార్చకుండానే అర్థం దొరికే సందర్భాలూ ఉన్నాయి. ఎమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే పరిశోధకులు అమెరికాలో ఒక ఆసుపత్రిలో గదులు ఊడ్చి తుడిచేవాళ్లతో మాట్లాడారు. పని ఒకటే, జీతం ఒకటే. కొందరు దాన్ని చాకిరీగా చూశారు. ఇంకొందరు తాము రోగి కోలుకోవడంలో భాగమని అనుకున్నారు, రోగులతో, చూడ్డానికి వచ్చినవాళ్లతో మాట కలిపారు, తమ పనిని తామే కొంత పెంచుకున్నారు. దీన్ని అడ్డం పెట్టుకుని "ఏ పనైనా ప్రేమతో చేయండి" అని ఉపన్యాసమిచ్చే మేనేజర్లంటే నాకు ఒళ్లు మంట. తక్కువ జీతానికి అది మందు కాదు. అయితే, మీ పని వల్ల మేలు పొందే మనిషి మీకు కనబడుతున్నాడా అన్న ప్రశ్న మాత్రం విలువైనది. కనబడకపోతే కనబడేలా చేసుకోండి: సపోర్ట్ కాల్స్ ఒక రోజు పక్కన కూర్చుని వినండి, కొత్తగా చేరిన ఒకరికి పని నేర్పే బాధ్యత అడిగి తీసుకోండి. నెల రోజుల్లో ఆ డైరీలో ప లు తగ్గితే మంచిదే, లేకపోతే ముందుకు పోదాం.

ఆరో మెట్టు: ఆ పని చేస్తున్నవాళ్లను కలవండి

దూరం నుంచి చూస్తే ప్రతి పనీ బాగుంటుంది. మనసులో ఉన్న రెండు మూడు దారుల్లో ఒక్కోదానికి కనీసం ముగ్గుర్ని కలవాలి, వాళ్లలో ఒకరు ఆ పని మానేసిన మనిషై ఉండాలి. మానేసినవాళ్లు చెప్పినంత నిజం ఎవరూ చెప్పరు.

ఎక్కడ దొరుకుతారు? ముందు చుట్టరికాల్లో చూడండి. పిన్ని కొడుకో, బావగారి స్నేహితుడో ఎవరో ఒకరు ఉంటారు. కాలేజీ పూర్వ విద్యార్థుల గ్రూపులు, బంజారాహిల్స్‌లోని లామకాన్‌లో జరిగే చర్చలు, స్టార్టప్ వైపైతే రాయదుర్గంలోని టీ హబ్, ఆడవాళ్ల వ్యాపారాలకు వీ హబ్, చిన్న పరిశ్రమకైతే యూసుఫ్‌గూడలోని ఎన్ఐ ఎంఎస్ఎంఈ శిక్షణలు. తెలియని మనిషికి మెసేజ్ ఇలా పెట్టొచ్చు:

"నమస్తే అండీ. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. స్పెషల్ ఎడ్యుకేషన్ వైపు రావాలని ఆలోచిస్తున్నాను. ఉద్యోగం అడగడానికి కాదండీ, మీ పని రోజూ ఎలా ఉంటుందో ఒక ఇరవై నిమిషాలు వినాలని ఉంది. మీకు వీలైన రోజు చెబితే మీ దగ్గరికే వస్తాను."

కలిశాక "మీ ఫీల్డ్ ఎలా ఉందండీ?" అని అడిగితే "బాగానే ఉంది" అంటారు. "మొన్న మంగళవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?" అని అడగండి. మొదటి రెండేళ్లు ఇల్లు ఎలా గడిచింది, ఏ పని చేయాల్సి వస్తుందని ముందు ఎవరూ చెప్పలేదు, మీ చెల్లెలు ఇందులోకి వస్తానంటే ఏమంటారు, ఇవీ అడగండి. జీతం నేరుగా అడగడానికి మొహమాటమైతే "నాలాంటివాళ్లు కొత్తగా చేరితే ఎంత ఇస్తారండీ?" అనండి, చెబుతారు.

ఏడో మెట్టు: చిన్నగా చేసి చూడండి

ప్రయోగానికి మూడు ఉండాలి: తేలాల్సిన ప్రశ్న, గడువు, పోగొట్టుకోగలిగిన డబ్బుకు హద్దు. ఈ మూడూ కాగితం మీద లేకపోతే అది సరదా. సరదా కూడా మంచిదే, కానీ దాన్ని చూసి రాజీనామా చేయకూడదు.

టీచింగ్ అనుకుంటున్నారా? ఒక్కరోజు గెస్ట్ లెక్చర్ ఇచ్చి చప్పట్లు కొట్టించుకుంటే ఏమీ తేలదు. మీ బస్తీలో సాయంత్రం ట్యూషన్లు నడిపే స్వచ్ఛంద సంస్థలో మూడు నెలలు వారానికి రెండు రోజులు చెప్పండి. నోట్సు దిద్దండి, హాజరు తీసుకోండి. భిన్నాలు అయిదోసారి చెప్పినా అర్థంకాని పిల్లాడి ముందు మీకు ఓపిక మిగిలిందా, చిరాకు వచ్చిందా అన్నది మీ ప్రశ్న. ఆ తర్వాతే బీఈడీ మాట. అది రెండేళ్ల చదువు, రాష్ట్రంలో ఎడ్‌సెట్ ద్వారా సీటు వస్తుంది. మేధో వైకల్యం (బుద్ధిమాంద్యం) ఉన్న పిల్లలతో పనిచేయాలనుకునేవాళ్లకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థే ఉంది, ఆ వృత్తికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కావాలి.

వంట వైపు మనసుంటే, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో శనివారం ఆర్డర్లతో మొదలుపెట్టండి. అమ్మడానికి ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, చిన్న వ్యాపారానికి ఆన్‌లైన్‌లో తేలికే. తెలిసినవాళ్లు మొదటిసారి మొహమాటానికి కొంటారు, రెండోసారి మర్యాదకు కొంటారు. మూడోసారి అడిగి మరీ కొన్నవాళ్లే మీ లెక్కలోకి వస్తారు. ఖర్చులో గ్యాస్, డబ్బాలు, మిగిలిపోయి పారేసిన కూర, మీ గంటల కూలి కూడా వేయండి. కర్రీ పాయింట్ నడిపేవాళ్లను అడగండి, వంట వాళ్ల పనిలో చిన్న భాగం. పొద్దున్నే కూరగాయల మార్కెట్, పనివాడు రాకపోతే గిన్నెలు, మధ్యాహ్నం రద్దీ, సాయంత్రం రద్దీ, పండగ రోజున కూడా షాపు.

ఇక గేదెల కల. ఐటీ కారిడార్‌లో ఇంతగా కనే కల ఇంకోటి లేదేమో! శంషాబాద్ వైపో వికారాబాద్ వైపో డెయిరీ నడిపే రైతు దగ్గర ఒక వారం సెలవు పెట్టి ఉండండి. తెల్లారుజామున నాలుగింటికి లేచి పాలు పితికే చోట నిలబడండి. గేదె ఏడాది పొడుగునా పాలివ్వదు, వట్టిపోయిన నెలల్లో కూడా పచ్చిగడ్డి, ఎండుగడ్డి, దాణా పెట్టాల్సిందే. పనివాడు చెప్పాపెట్టకుండా ఊరెళ్తే పాలు మీరే పితకాలి. ఇదంతా చూశాక కూడా ఉత్సాహం ఉంటే ఆ ఉత్సాహం నిజమైనదే, అప్పుడు రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయంలో సలహా చెప్పేవాళ్లను వెతకండి. ముందే షెడ్డు కట్టకండి.

ప్రయోగం మొదలుపెట్టే ముందు ఆఫర్ లెటర్ ఒకసారి తీసి చదవండి. బయట డబ్బుకు పనిచేయొద్దనే నిబంధన చాలా కంపెనీల్లో ఉంటుంది. ఉచితంగా చేసే సేవకు సాధారణంగా అడ్డు ఉండదు. డబ్బు వచ్చే పనైతే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి అనుమతి తీసుకోండి.

ఎనిమిదో మెట్టు: ఇంట్లో ఎలా చెప్పాలి

నిర్ణయం తీసేసుకుని ప్రకటిస్తే యుద్ధం అవుతుంది. "మానేస్తున్నా" అనే మాటకు నాన్న దగ్గర ఒకే జవాబు ఉంటుంది. లెక్కల కాగితం ముందు పెట్టి, గడువు చెప్పి మాట్లాడితే జవాబు మారుతుంది:

"నాన్నా, ఇప్పుడే ఏమీ మానేయట్లేదు. డిసెంబర్ దాకా శని, ఆదివారాలు ఈ పని చేసి చూస్తా. ఎంత వచ్చింది, ఎంత పోయింది జనవరిలో మీకు చూపిస్తా. అప్పుడు మీరు ఏమంటారో చెప్పండి."

పెద్దవాళ్ల భయాన్ని పాతకాలపు ఆలోచన అని కొట్టిపారేయొద్దు. పొలం అమ్మి చదివించినవాళ్లకు, జీతం ఆలస్యమైతే అప్పు చేసి బతికినవాళ్లకు స్థిరమైన ఉద్యోగం అంటే ఏంటో మనకన్నా బాగా తెలుసు. భార్యాభర్తల మధ్య అయితే ఒక ప్రశ్న తప్పకుండా తేలాలి: ఈ గడువులో రెండో మనిషి ఉద్యోగం వదులుకోలేరు, వాళ్లకూ విసుగొస్తే? "ఈసారి నేను, తర్వాత నువ్వు" అన్న ఒప్పందం నోటితో అనుకుని వదిలేయకుండా ఎక్కడైనా రాసుకోండి. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఈ మాట ఇంకా బరువుగా ఉంటుంది. "కాబోయే అల్లుడు ఏం చేస్తాడు?" అన్న ప్రశ్నకు అత్తామామలకు చెప్పడానికి ఒక వాక్యం మీ అమ్మకు మీరే తయారుచేసి ఇవ్వండి.

అశోక్‌నగర్‌లో ఉన్నవాళ్లకు వేరే మాట

గ్రూప్స్, సివిల్స్ చదువుతూ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుణ్నుంచి రాత్రిదాకా కూర్చునేవాళ్లకు పై మెట్లు యథాతథంగా పనిచేయవు. సివిల్స్‌లో జనరల్ అభ్యర్థికి 32 ఏళ్ల లోపు 6 ప్రయత్నాలనే హద్దు ఉంది. రాష్ట్ర గ్రూప్స్‌కి అలాంటి ప్రయత్నాల లెక్క లేదు, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. హద్దు లేని చోట మీరే గీసుకోవాలి, అదీ ఫలితం రాకముందే. "ఒక్క మార్కులో పోయింది" అన్న రాత్రి ఎవరూ సరైన నిర్ణయం తీసుకోలేరు. ఏ నెల, ఏ పరీక్షతో ఆపుతారో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి. గవర్నమెంట్ ఉద్యోగంలో మిమ్మల్ని లాగేది భద్రతా, హోదానా, జనానికి పనికొచ్చే పనా అన్నది విడదీసి చూడండి. మూడోదైతే దానికి వేరే దారులు ఉన్నాయి. ఏళ్ల తరబడి పాలిటీ, ఎకానమీ చదివిన మనిషి స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధన సర్వేల్లో, పత్రికల్లో, పాఠాలు చెప్పడంలో సున్నా నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.

తొమ్మిదో మెట్టు: బయటికి రావడం

ప్రయోగం గడువు ముగిసింది, మొదటి పదివేలు వచ్చాయి, ఇంట్లో ఒప్పుకున్నారు. అప్పుడు కూడా రాజీనామాకు ఒక మంచి తేదీ ఎంచుకోండి: బోనస్ జమ అయ్యాక, గ్రాట్యుటీ సర్వీసు నిండాక, స్కూలు ఫీజు కట్టేశాక. నోటీస్ పీరియడ్ రెండు మూడు నెలలు ఉంటే దాన్ని శిక్షగా చూడకండి, ఆ జీతం మీ గడువుకు కలిసొస్తుంది. రిలీవింగ్ లెటర్, ఆఖరి మూడు పే స్లిప్పులు చేతికొచ్చేదాకా ఆ ఉద్యోగం పూర్తిగా ముగిసినట్టు భావించకండి. ఆ మేనేజర్ మీద ఎంత కోపమున్నా ఎగ్జిట్ ఇంటర్వ్యూలో కక్కొద్దు. హైదరాబాద్ ఐటీ చాలా చిన్న ఊరు, మూడేళ్ల తర్వాత ఇంకో కంపెనీలో ఆయనే ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చుంటాడు.

కొత్త పనిలో మొదటి నెల నుంచే రోజుకు రెండు వాక్యాల డైరీ మళ్లీ మొదలుపెట్టండి, అవే నాలుగు అక్షరాలతో. మూడు నెలలకోసారి మిగిలిన డబ్బు లెక్క దాని పక్కనే రాయండి. గడువులో ఇంకా మూడు నెలలు మిగిలి ఉండగా, ఇంటి ఖర్చుకు సరిపడా ఆదాయం కనుచూపు మేరలో లేకపోతే, పాత రంగంలో ఇంటర్వ్యూలు మొదలుపెట్టండి. చేతిలో డబ్బు ఉన్నప్పుడు వెతుక్కున్న ఉద్యోగానికీ, అయిపోయాక వెతుక్కున్నదానికీ జీతంలో చాలా తేడా ఉంటుంది.